జోలె పట్టుకుని 42 కిలోమీటర్లు

"పరిగెట్టేది నువ్వు. మరి డబ్బులు ఆళ్ళెందుకిస్తార్రా?"

2024 అక్టోబరులో ఒక ఆదివారం, వీడియో కాల్‌లో మా అమ్మ అడిగిన మాట ఇది. అప్పటికి పావుగంటగా నేను లండన్ మారథాన్ అంటే ఏమిటో, అందులో నాకు సీటు ఎలా దొరికిందో, దానికి బదులు ఒక సేవాసంస్థకి 2,500 పౌండ్లు పోగుచేసి ఇస్తానని ఎలా ఒప్పుకున్నానో చెబుతున్నాను. అమ్మ కొబ్బరి కోరుతూ వింటోంది. అంతా విని, ఆ ఒక్క ప్రశ్న వేసి, మళ్ళీ కొబ్బరి పనిలో పడిపోయింది. "ఇక్కడంతా అలాగేనమ్మా" అని తప్పించుకున్నాను.

పరుగు అయిపోయింది. ఊడిన రెండు కాలిగోళ్ళూ మళ్ళీ వచ్చాయి. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. దానికి జవాబు రాద్దామని ఇన్నాళ్ళకి కుదిరింది. అమ్మకి ఇది నచ్చుతుందో లేదో తెలీదు గానీ, మారథాన్ గ్రూపుల్లో ఉన్న మిత్రులకి మాత్రం నచ్చదని ముందే తెలుసు.

ముందు ఆ సీటు సంగతి. లండన్ మారథాన్‌కి ఫీజు కట్టి పేరిస్తే సరిపోదు, లాటరీ తగలాలి. 2025 ఏప్రిల్ పరుగు కోసం లాటరీలో పేరు వేసినవాళ్ళు 8,40,318 మంది. ఆ రోజు చివరి గీత దాటినవాళ్ళు, అన్ని దారుల్లో వచ్చినవాళ్ళనీ కలుపుకుని, 56,640. నాకు వరసగా మూడేళ్ళు "సారీ" మెయిలే వచ్చింది. లాటరీ తగలనివాళ్ళకి ఇంకో దారి ఉంది. సేవాసంస్థలు నిర్వాహకుల దగ్గర కొన్ని సీట్లు ముందే కొని పెట్టుకుంటాయి. ఒక్కో సీటుకి కొన్ని వందల పౌండ్లు అవుతాయి. ఆ సీటు మనకిచ్చి, కనీసం ఇంత వసూలు చేసుకు రమ్మంటాయి. లండన్‌లో ఆ "ఇంత" మామూలుగా రెండు వేల పౌండ్ల పైమాటే. బోస్టన్‌లో అయితే 5,000 డాలర్లకి తగ్గదు.

ఇది మనకి తెలియని వ్యవహారమా? ఎంట్రన్స్‌లో ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా. డొనేషన్ కట్టి సీటు తెచ్చుకోవడం గురించి తెలుగువాళ్ళకి ఇంకొకళ్ళు పాఠం చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ డొనేషన్ నాన్న కడతాడు, ఇక్కడ ఆఫీసులో పక్క సీటువాడు కడతాడు.

కాబట్టి ఉన్నమాట చెప్పేస్తాను. నేను కిడ్నీ రోగుల కోసం మారథాన్ పరిగెత్తలేదు. మారథాన్ పరిగెత్తాలనుంది, అందుకని కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేయించే ఒక సంస్థ తలుపు తట్టాను. విరాళాల పేజీలో మాత్రం ఈ మాటనే తిరగేసి రాశాను. అందరూ అలాగే రాస్తారు.

అలాగని కిడ్నీలు అబద్ధమేమీ కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే కొబ్బరి, జీడి తోటల మధ్య పచ్చగా కనబడుతుంది. పై ఊళ్ళవాళ్ళు చూసి కోనసీమలా ఉందంటారు. ఆ పచ్చదనంలోనే ఇంటికొకరు అన్నట్టు కిడ్నీలు పోయి మంచాన పడ్డారు. మా వైపు రచ్చబండ దగ్గర చదువుకోనివాడికి కూడా క్రియాటినిన్ అనే మాట తెలుసు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. "ఒంట్లో ఎలాగుంది" అని అడగరు. "క్రియాటిన్ ఎంతొచ్చింది" అని అడుగుతారు. నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళలన్నారు. ఇదీ అసలు కారణం అని ఇప్పటివరకూ ఎవరూ గట్టిగా తేల్చలేదు. పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి. ఇవన్నీ మా నాన్న పోయిన పదేళ్ళకి. ఆయన రోజుల్లో డయాలసిస్ అంటే విశాఖపట్నమే. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున రైలు, రాత్రికి తిరుగు రైలు. మూడేళ్ళు తిరిగారు.

మరి ఉద్దానం కోసమే పరిగెత్తొచ్చు కదా అని మీరూ అడుగుతారు, మా బావగారూ అడిగారు. ఆయన ఇంకాస్త ఘాటుగానే అడిగారు: "ఇక్కడ మన కిడ్నీలు పోతుంటే, నువ్వు తెల్లోళ్ళ కిడ్నీలకి చందాలెత్తడమేటి?"

సీటు ఇచ్చిన సంస్థకే డబ్బు వెళ్ళాలి, అది మొదటి చిక్కు. రెండోది నేను ఫారాలు చదువుతూ కనిపెట్టింది. నేను భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి కాబట్టి నా జీతంలోంచి మా ఊళ్ళో ఒక ట్రస్టుకి పంపితే పేచీ లేదు. అదే మా ఆఫీసులో ఇంగ్లీషు కొలీగ్ ఇచ్చే పది పౌండ్లు ఆ ట్రస్టుకి చేరాలంటే, అది విదేశీ విరాళం అయిపోతుంది. ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020లో చట్టం మార్చాక, ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఒక ఖాతాలోనే పడాలి. డయాలసిస్ రోగుల్ని ఆటోల్లో తిప్పే చిన్న ట్రస్టుకి ఢిల్లీలో ఖాతా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇదంతా బావగారికి వివరించాను. "అంటే మనకి రాదు, అంతే కదా" అన్నారు.

ఫౌజా సింగ్‌ని కూడా అడ్డం వేసుకున్నాను. జలంధర్ దగ్గర బియాస్ పిండ్‌లో పుట్టిన ఆ పెద్దాయన 2000లో, పాస్‌పోర్టు లెక్క ప్రకారం 89 ఏళ్ళ వయసులో, మొదటిసారి లండన్ మారథాన్ పరిగెత్తాడు. 6 గంటల 54 నిమిషాలు పట్టింది. పరిగెత్తింది పంజాబు కోసం కాదు, ఇక్కడి నెలలు నిండకుండా పుట్టే పిల్లల కోసం పనిచేసే సంస్థకి. నిరుడు జులైలో, అంటే 2025లో, సొంత ఊళ్ళో రోడ్డు దాటుతుంటే కారు గుద్ది పోయాడు. ఎక్కడుంటే అక్కడి మనుషులకి చేస్తాం, తప్పేముంది బావగారూ అన్నాను. "ఆయనకి తొంభయ్యేళ్ళు. ఆయన పరిగెడితే అది వింత. నీకు నలభై రెండు" అన్నారాయన. నిజానికి ఆ రోజు వాదనలో గెలిచింది బావగారే.

ఇక అడగడం. చిన్నప్పుడు వినాయకచవితికి రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాణ్ణే. షావుకారు కొట్టు ముందు ఎంతసేపు నిలబడితే ఇస్తాడో, ఏ ఇంట్లో ఎవరున్నప్పుడు వెళ్ళాలో తెలుసు. అయినా నలభై రెండేళ్ళ వయసులో ఒక మెయిల్ రాసి, పంపడానికి మీట నొక్కలేక నాలుగు రోజులు డ్రాఫ్ట్స్‌లో ఉంచాను. పంపాక తెలిసింది, అడిగే పద్ధతి అడిగేవాణ్ణి బట్టి కాదు, ఇచ్చేవాళ్ళని బట్టి మారుతుందని. ఆఫీసులో ఇంగ్లీషువాళ్ళకి లింకు పంపితే చాలు. ఎవరూ ఏమీ అనరు, సాయంత్రానికి పేజీలో పదేసి పౌండ్లు పడి ఉంటాయి. వాళ్ళకి ఫోన్ చేసి అడిగితే సిగ్గుతో చచ్చిపోతారు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో అదే లింకు పెడితే నలభై నమస్కారాల ఎమోజీలు, పది "ఆల్ ది బెస్ట్ బ్రో"లు వచ్చాయి. పేజీలో పైసా పడలేదు. విసుగొచ్చి ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేశాను. "అయ్యో, ముందే చెప్పొద్దా అన్నా" అంటూ ఇరవై, ముప్పై, ఒకాయన వంద. లింకు పంపడం వాళ్ళ లెక్కలో అడగడం కాదు. ఇంటికొచ్చి పిలవని పెళ్ళిలాంటిది.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది. అమ్మ దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. మా అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) పెళ్ళి చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత చదివించారో, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో, ఎవరు ఉత్త చేతులతో వచ్చారో అన్నీ వరసగా ఉంటాయి. ఆ చదివించినవాళ్ళింట్లో పెళ్ళికి బయల్దేరేముందు అమ్మ ఆ పుస్తకం తీసి చూస్తుంది. ఆ రోజు నూట పదహార్లు ఇచ్చినవాళ్ళకి ఇవాళ ఎంత ఇవ్వాలో ధరలు పెరిగిన లెక్క కూడా కడుతుంది. విరాళాలు పోగుచేసే జస్ట్‌గివింగ్ సైటులో నా పేజీ తెరిచి చూస్తే నాకు ఆ నోట్‌బుక్కే కనబడింది. పేరు, మొత్తం, పక్కన ఒక ముక్క ఆశీర్వచనం. ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ కనబడుతుంది. నా పేజీలో మొట్టమొదట మా మేనేజరు ఇరవై పౌండ్లు వేసింది. ఆ తర్వాత వారం దాకా పది కంటే తక్కువ ఎవరూ వెయ్యలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు లండన్ మారథాన్ పేజీల్నే పట్టుకుని లెక్కలు కట్టారు. ముందు పెద్ద మొత్తం పడితే తర్వాతివాళ్ళూ పెంచుతారు, చిన్నది పడితే తగ్గిస్తారు అని తేల్చారు. మా ఊళ్ళో చవితి చందాల కుర్రాళ్ళని అడిగినా చెప్పేవారు. మొదటి రసీదు ప్రెసిడెంటుగారి పేర వంద రూపాయలకి రాయించుకున్నాకే మేం మిగతా ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం.

అమ్మా, ఆళ్ళెందుకు ఇస్తారు అంటే, అందుకే ఇస్తారు. కిడ్నీల మీద జాలితో కాదు. నాకు ఇరవై ఇచ్చిన ఆవిడ కూతురు సెప్టెంబరులో పది కిలోమీటర్లు పరిగెత్తింది, నేను ఇరవై వేశాను. ఇవి చదివింపులు. సందర్భం పెళ్ళి కాదు, నా మోకాళ్ళు.

అప్ప పంపిన డబ్బు కథ వేరు. ఇండియాలో నా ఖాతాకి ఫోన్‌పేలో 500 పంపింది. అప్పటి రేటుకి నాలుగున్నర పౌండ్లు లేవు. నేను ఐదు చేసి పేజీలో వేశాను. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు ఒక పౌండు విరాళమిస్తే ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది, గిఫ్ట్ ఎయిడ్ అంటారు. దానికి ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఇది నా సొంత డబ్బు, ఇంకొకరి దగ్గర వసూలు చేసింది కాదు అని ఒప్పుకోవాలి. అప్ప ఐదొందల దగ్గర ఆ గడి ఖాళీగా వదిలేశాను. పౌండుంపావు పోయింది. పేరు దగ్గర "అప్ప, సోంపేట" అని తెలుగులోనే రాశాను. ఆఫీసులో ఒకతను అదేం డిజైనని అడిగాడు.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. మారథాన్ చందాల మీద అందరూ వేసే ప్రశ్న ఒకటుంది: ఆ బూట్ల ఖర్చు, హోటల్ ఖర్చు, టికెట్ డబ్బులు నేరుగా ఇచ్చేస్తే పోదా? దీనికి నా జవాబు సగం అవును, సగం కాదు.

"కాదు" ఎందుకంటే, నేరుగా ఇచ్చేస్తే పోదా అనేవాళ్ళు నేరుగా ఇవ్వరు. నాకే తెలుసు. ఇక్కడికొచ్చిన పదకొండేళ్ళలో, కిడ్నీ జబ్బుతో నాన్నని పోగొట్టుకున్న నేను, కిడ్నీ రోగుల కోసం నా అంతట నేను ఇచ్చింది కలిపితే ఒక మంచి ఫోన్ కూడా రాదు. ఈ పరుగు పేరుతో 97 మంది 2,640 పౌండ్లు ఇచ్చారు. నేను ఇంట్లో కూర్చుని ఉంటే ఆ 97 మందీ ఆ డబ్బుతో ఇంకో కిడ్నీ సంస్థని వెతుక్కుని ఉండేవారా? ఉండరు. 2025లో ఈ ఒక్క రోజు పరుగు మీద 8.73 కోట్ల పౌండ్లు వసూలయ్యాయి. అందులో అధిక భాగం, పరుగు లేకపోతే, జేబుల్లోనే ఉండేది.

1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. మీ సినిమాల డబ్బులే ఇచ్చేయొచ్చుగా, జోలె ఎందుకు అని జనం అడగలేదు. వాళ్ళ ముఖం చూసి చేతి గాజులు కూడా తీసి వేసినవాళ్ళున్నారని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇవ్వడం ఒక పని, అడగడం ఇంకో పని. రెండోదే కష్టం. నా ముఖానికి జోలెలో రూపాయి పడదు కాబట్టి ముఖానికి 42 కిలోమీటర్లు తగిలించుకోవాల్సి వచ్చింది. ఇంతకీ నేను చేసిన సేవ ఏదైనా ఉంటే అది ఏప్రిల్ 27న చేసింది కాదు. జనవరిలో ఆ మెయిల్ మీట నొక్కినప్పుడు చేసింది.

"అవును" ఎందుకో చెప్పాలంటే నా మిత్రుడొకడి గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఉంటాడు. ప్రపంచంలోని పెద్ద మారథాన్లు అన్నీ పూర్తిచేసినవాళ్ళకిచ్చే పతకం తెచ్చుకోవాలని పట్టు. టోక్యో, బోస్టన్, లండన్, బెర్లిన్, షికాగో, న్యూయార్క్, ఈమధ్య సిడ్నీ కూడా చేరింది ఆ జాబితాలో. లండన్ సీటు కోసం ఒక బ్రిటిష్ సంస్థ తరఫున గచ్చిబౌలిలో అపార్ట్‌మెంటు గ్రూపుల్లో రెండున్నర లక్షలు పోగుచేశాడు. ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు కూడా రాదు, విదేశీ సంస్థ కదా. విమానం, వీసా, హోటలు తన డబ్బే పెట్టుకున్నాడు, అందులో మోసం లేదు. కానీ ఆ రెండున్నర లక్షలు ఏమిటి? హైదరాబాద్ జనం లండన్ సంస్థకి ఇచ్చారు, ఇతనికి సీటు వచ్చింది. ఇంతకంటే ఆ డబ్బుకి వేరే అర్థం నాకు కనబడలేదు. "వాళ్ళు సంతోషంగానే ఇచ్చార్రా" అంటాడు. ఇచ్చారు. మొహమాటానికి నవ్వుతూ ఇచ్చేవాళ్ళు కూడా చూడ్డానికి సంతోషంగానే కనబడతారు. అంతగా జోలె పట్టాలనుంటే జనవరిలో ముంబై మారథాన్ ఉంది, 2004 నుంచీ జరుగుతోంది, యునైటెడ్ వే ముంబై అనే సంస్థ ద్వారా మన దేశపు సంస్థలకే పోగుచేయొచ్చు. లండనే కావాలంటే సీటు డొనేషన్ మొత్తం సొంత జేబులోంచి కట్టుకోవాలి. అది సరదా ఖర్చు. సరదా తప్పు కాదు. సరదాకి సేవ అని పేరుపెట్టి పక్కింటివాళ్ళ చేత కట్టించడం మీదే నా పేచీ. కిలిమంజారో ఎక్కించే చారిటీ ట్రెక్కులైతే మరీను. చాలావాటిలో మనం పోగుచేసిన దాంట్లోంచే మన ప్రయాణం ఖర్చు కూడా తీసేస్తారు. ఇచ్చినవాళ్ళు ఆఫ్రికా కొండ మీద మన ఫొటోకి డబ్బు కట్టినట్టు.

మరి నేను చేసింది దీనికంటే ఎంత మెరుగు? రెడింగ్‌లో ఉంటాను కాబట్టి విమానం ఖర్చు లేదు, అంతే. మూడోవారంలో పేజీలో ఒక లైను కలిపాను: "మీరిచ్చే దాంట్లో మొదటి కొన్ని వందల పౌండ్లు నా సీటు ఖరీదుకే పోతాయి." అలా రాస్తే ఎవడూ ఇవ్వడని మా పరుగుల గ్రూపులో ఒకాయన హెచ్చరించాడు. పెద్దగా తగ్గిందేమీ లేదు. ఆ లైను చదివి, "థాంక్స్ ఫర్ టెల్లింగ్ అస్" అని రాసి యాభై వేసినవాడు మాత్రం ఒకడున్నాడు.

ఇక ఏప్రిల్ 27. ఇంగ్లండ్‌లో నాలుగు నెలలు చీకట్లో, చలిలో, థేమ్స్ ఒడ్డున బురదలో ప్రాక్టీసు చేస్తే, పరుగు రోజు 22 డిగ్రీల ఎండ కాసింది. నవ్వకండి. ఉద్దానం ఎండల్లో పుట్టి పెరిగిన నేనే ఇక్కడ 22కి వాడిపోయాను. గ్రీనిచ్ పార్కు దగ్గర మొదలు. పది కిలోమీటర్ల దగ్గర కటీ సార్క్ అనే పాత టీ ఓడ చుట్టూ తిప్పుతారు. అక్కడ జనం అరుపులకి నేలే ముందుకి తోసినట్టుంటుంది. బనియను మీద పేరు అచ్చువేశారు కదా, అందరూ పేరుపెట్టి పిలుస్తారు. నా పేరు పొడవు, అందుకని మొదటి మూడు అక్షరాలే వేశారు. ఐదు గంటలసేపు వేలమంది నన్ను సగం పేరుతో పిలిచారు. ఆ రోజు గెలిచిన కెన్యా అతను సబాస్టియన్ సావే మొత్తం పరుగుని 2 గంటల 2 నిమిషాల 27 సెకన్లలో ముగించాడు. అంత సమయంలో నేను ఇంకా టవర్ బ్రిడ్జి కూడా చేరలేదు.

వంతెన దాటాక కుడికి తిరిగితే హైవే అని ఒక రోడ్డు. అక్కడ ఒక చిత్రం ఉంది. రోడ్డుకి ఈ పక్క మనం 21వ కిలోమీటరులో ఉంటాం, ఆ పక్క 35 దాటినవాళ్ళు ఎదురొస్తుంటారు. వాళ్ళ ముఖాలు చూస్తే మనకి రాబోయేది ఏమిటో తెలిసిపోతుంది. చూడకుండా ఉండలేం. ఆ తర్వాత ఐల్ ఆఫ్ డాగ్స్, కనారీ వార్ఫ్ మేడలు. అక్కడే ఎక్కడో నన్ను ఒక ఖడ్గమృగం దాటిపోయింది. ఖడ్గమృగాల సంరక్షణ సంస్థవాళ్ళు ఆ బరువైన డొక్కు వేషంలో ఏటా పరిగెత్తుతారు. లోపల ఉన్నతను మర్యాదగా "వెల్ డన్ మేట్" అని కూడా అన్నాడు. 2002లో లాయిడ్ స్కాట్ అనే ఆయన యాభై కిలోలకి పైగా ఉన్న పాతకాలపు సముద్ర డైవింగ్ సూటు వేసుకుని ఇదే దారిని ఐదు రోజులకి పైగా నడిచాడు. చూసేవాళ్ళకి కష్టం కనబడాలి, అప్పుడే జేబు కదులుతుంది. మన దగ్గరా మెట్లకి పసుపు రాసుకుంటూ మోకాళ్ళ మీద కొండ ఎక్కేవాళ్ళున్నారు. కానీ వాళ్ళ కష్టానికి పుణ్యం వాళ్ళకే. నా కష్టాన్ని 97 మంది సగటున తలా ఇరవై ఏడు పౌండ్లు పెట్టి కొనుక్కున్నారు. ఆ ఆలోచన 30వ కిలోమీటరు దగ్గర వస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. సరిగ్గా అక్కడే ఒంట్లో నిలవ ఉన్న చక్కెర అయిపోతుంది. తొడలు మనవి కావు. ఆ పైన వచ్చే ఆలోచనలేవీ నమ్మదగినవి కావు.

36వ కిలోమీటరు, టవర్ హిల్ దగ్గర మా సంస్థవాళ్ళ గుంపు నిలబడి ఉంది. గుంపు ముందు కుర్చీలో అరవై దాటిన ఒక తెల్లాయన. కుడిచేత్తో డబ్బా కొడుతున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది, కదపడం లేదు. మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా ఉబ్బెత్తుగా, తాడు పేనినట్టు నరం. ఫిస్టులా. డయాలసిస్ సూదులు పడే చెయ్యి. మా నాన్న బస్సులో కిటికీ వైపు కూర్చునేవారు, ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా. రాత్రి పడుకున్నా దాని మీదకి ఒత్తిగిలేవారు కాదు. అప్పుడప్పుడు నన్ను పిలిచి నా వేళ్ళు దాని మీద పెట్టించేవారు. లోపల పిల్లి గుర్రుమన్నట్టు ఒక అదురు ఉంటుంది. అది ఉన్నంతవరకూ చెయ్యి బాగున్నట్టు. నేను ఆగాను. ఆయన నా సగం పేరు చదివి, "నాట్ ఫార్ నౌ" అన్నాడు. ఆ చెయ్యి వైపే చూస్తున్నానని గమనించి కాస్త పైకెత్తి చూపించాడు, వాచీ చూపించినట్టు.

తెల్లోళ్ళ కిడ్నీలు అన్న బావగారి మాటకి ఇది జవాబని రాసేస్తే బావుంటుంది. ఆ పూట నాకూ అలాగే అనిపించింది, ఏడుపు కూడా వచ్చింది. కానీ 36 కిలోమీటర్లు పరిగెత్తినవాడికి కుక్కపిల్లని చూసినా ఏడుపొస్తుంది. బావగారు అడిగింది కిడ్నీల రంగు గురించి కాదు. డబ్బు ఎటు పారుతుందో అడిగారు. అది పరిగెత్తగలిగినవాళ్ళు ఉన్న వైపు పారుతుంది. ఆ 8.73 కోట్ల పౌండ్లలో వాటా రావాలంటే ఆ జబ్బుకి లండన్‌లో ఒక కొడుకో కూతురో ఉండాలి, వాళ్ళకి ఆఫీసు ఉండాలి, ఆఫీసులో చదివింపులు చదివించే కొలీగ్స్ ఉండాలి. క్యాన్సర్‌కి ఉంటారు, గుండెకి ఉంటారు. జైలు నుంచి వచ్చినవాళ్ళకి, తాగుడు మానాలని చూసేవాళ్ళకి అంతమంది ఉండరు. పలాసలో జీడిపప్పు వలిచే ఆవిడకి అసలే ఉండరు. నేను ఉన్నాను, కానీ నా జోలెకి రంధ్రం లండన్‌లో తెరుచుకుంది. మారథాన్ చేసే మేలుని నేను కాదనను. అదే అన్నిటికంటే గొప్ప దారి అని దండోరా వేస్తే మాత్రం ఒప్పుకోను.

5 గంటల 12 నిమిషాలకి మాల్ రోడ్డు మీద గీత దాటాను. ఆ రోజు రాత్రి, కాళ్ళు ఐసునీళ్ళ బకెట్లో పెట్టి, నా మీద నేను పెట్టుకున్న ఖర్చు లెక్క కట్టాను. రెండు జతల బూట్లు, ఫిజియో, గ్రీనిచ్‌లో ఒక రాత్రి హోటలు, ఆ తియ్యటి జెల్ ప్యాకెట్లు, రైళ్ళు. తొమ్మిది వందల పౌండ్ల చిల్లర. సరదాకి అంత పెట్టినప్పుడు దానికి సరిసమానం ఊరికి పంపాలని నియమం పెట్టుకున్నాను. అదైతే నా జీతం. ఢిల్లీ ఖాతా అక్కర్లేదు.

డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు సోంపేట బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర మా ఊరి ఆటో అతను కలిశాడు. డయాలసిస్ వాళ్ళని ఊళ్ళలోంచి సెంటరుకి తీసుకొచ్చి, మళ్ళీ దింపుతాడు. మెషీను మీద ఎక్కించడానికి డబ్బులు అక్కర్లేదు, అక్కడిదాకా రావడానికే కావాలి. నేను పంపిన డబ్బు అతని ఆటో ట్రిప్పులకే వెళ్తోంది.

"లండన్ల పరిగెట్టినావట. ఎంతొచ్చిందేటి?"

"మూడు లక్షల దాకా."

"మనకెంత?"

"లక్ష. అది నాదే."

టీ గ్లాసు కింద పెట్టి వేళ్ళ మీద లెక్కేశాడు. నేను ముందే వేసుకొచ్చిన లెక్క చెప్పాను: రానూపోనూ నాలుగొందల చొప్పున రెండొందల యాభై ట్రిప్పులు. వారానికి మూడు అనుకుంటే ఒక మనిషికి ఏడాదిన్నర పైనే.

"నాలుగొందలు పోయినేడు బాబూ" అన్నాడు. "ఇప్పుడు నాలుగొందల యాభై."

ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాను. అతను అప్పటికే లేచాడు. నాలుగింటికి మెషీను ఖాళీ అవుతుందట, లోపల ఇద్దరు ఎదురుచూస్తున్నారట.